వాడని బిట్లు, కొట్టేసిన గొంతులు

పోయిన సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన మా మేనల్లుడు, నా టేబుల్ నిండా పరిచి ఉన్న కాగితాలు చూసి "ఏంటత్తా ఇవన్నీ? సాపు ప్రతి ఉందన్నావుగా, మళ్లీ ఈ చిత్తులతో పనేంటి?" అన్నాడు. అవి రెండేళ్ల క్రితం చనిపోయిన నా స్నేహితురాలి కథలు. వాటిని ఒక సంపుటిగా తెచ్చే పని నా మీద పడింది. అచ్చయిన కథలు పద్నాలుగు. దాదాపు ప్రతి కథకీ రెండో మూడో చిత్తుప్రతులు ఆమె ట్రంకు పెట్టెలో దొరికాయి. నిండా కొట్టివేతలు, అతికింపులు, మార్జిన్లలో రాతలు. ఏది ఉంచాలో ఏది వదలాలో తేలక నెలల తరబడి వాటి ముందు కూర్చుని ఉన్నాను. ఇదంతా చెప్తే వాడు కాసేపు ఊరుకుని, "అయితే నా పిచ్చి నీకు అర్థమవుతుంది" అంటూ లాప్‌టాప్ తెరిచాడు.

వాడి పిచ్చి సినిమా నేపథ్య సంగీతం. అందులోనూ, సినిమా కోసమే రాసి, పెద్ద ఆర్కెస్ట్రా చేత వాయించి, రికార్డు చేసి, చివరికి తెర మీదికి రానివ్వకుండా వదిలేసిన ముక్కలు. వాటి కోసం సీడీల పెట్టెలు కొంటాడు. ఆరోజు వాడు వినిపించింది 1978 నాటి 'సూపర్‌మ్యాన్'కి జాన్ విలియమ్స్ చేసిన సంగీతం.

నిజం చెప్పాలంటే నాకు నవ్వొచ్చింది. సూపర్‌మ్యాన్ అనగానే నాకు మొదట గుర్తొచ్చేది 1980లో వచ్చిన మన ఎన్టీఆర్ సినిమాయే. క్రిస్టఫర్ రీవ్‌ని చూసింది ఆ తర్వాతే. అదైనా ఇదైనా, ఎగిరే మగవాడి కథలో మనకేం పని అనుకునే తరం మాది. సినిమా మీద మనం రాసిన విమర్శలో పాటల సాహిత్యాన్ని ఉతికి ఆరేశాం, కథానాయిక బట్టలు లెక్కపెట్టాం, కెమెరా చూపు ఎవరిదని నిలదీశాం. నేపథ్య సంగీతాన్ని మాత్రం ముట్టుకోలేదు. మాటలుండవు కాబట్టి దానికి పక్షపాతం కూడా ఉండదనుకున్నామేమో!

వాడు చెప్పిన దాంట్లో నాకు మొదట పట్టుకున్నది పని జరిగే తీరు. హాలీవుడ్‌లో సినిమా కూర్పు ఒక కొలిక్కి వచ్చాక దర్శకుడూ సంగీత దర్శకుడూ కలిసి కూర్చుని, ఏ చోట సంగీతం మొదలవ్వాలి, ఏ చోట ఆగాలి అని సెకన్లతో సహా రాసుకుంటారు. అలా కొలిచి రాసిన ఒక్కో ముక్కని 'క్యూ' అంటారు. మనవాళ్ల నోట్లో 'బిట్టు'. ఫిల్ము రీళ్ల కాలంలో ప్రతి బిట్టుకీ ఒక సంఖ్య ఉండేది. ఎన్నో రీలు, ఆ రీల్లో ఎన్నో బిట్టు అన్నది దాన్ని చూస్తే తెలిసిపోయేది. రికార్డయిన తర్వాత కూడా దాని బతుకు నమ్మకం లేదు. దృశ్యం కురచైతే బిట్టు తెగుతుంది. పేలుళ్ల చప్పుడు దాన్ని మింగేస్తుంది. దర్శకుడికి నిశ్శబ్దమే బాగుందనిపించవచ్చు. ఒక్కోసారి స్వరకర్తే ఒకే దృశ్యానికి రెండు రకాలుగా రాసి పెడతాడు, ఒకటి మిగిలిపోతుంది. 'సూపర్‌మ్యాన్' సంగీతాన్ని లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా 1978లో డెన్‌హామ్‌లోని ఆన్విల్ స్టూడియోలో వాయించింది. అప్పటి ఎల్పీలో వచ్చింది కొంతే. 2000లో రెండు సీడీలుగా, 2008లో ఎనిమిది సీడీల పెట్టెగా, 2019లో మళ్లీ మూడు సీడీలుగా మిగతావి ఒక్కొక్కటే బయటికొచ్చాయి. వాటి పక్కన ఉండే మాట ఎప్పుడూ ఒక్కటే: 'వాడనిది', లేదా 'మరో రూపం'.

ఎవరు వాడలేదు? ఆ మాటలో కర్త లేడు. మన చిత్తుప్రతుల భాష కూడా ఇంతే కదా. 'ఈ పేరా కొట్టివేయబడింది' అంటాం. కొట్టిన చేయి ఎవరిదో వాక్యం చెప్పదు.

ఆ సంగీతంలో నన్ను ఎక్కువసేపు ఆపినది, సూపర్‌మ్యాన్ లోయిస్ లేన్‌ని చేయి పట్టుకుని ఆకాశంలోకి తీసుకెళ్లే ఘట్టం. దానికి ముందు జరిగేది గుర్తు తెచ్చుకోండి. తన మేడ మీది వరండాలో లోయిస్ అతన్ని ఇంటర్వ్యూ చేస్తుంది. ఆమె రిపోర్టరు, వార్త కోసం ప్రాణాలకు తెగించే మనిషి. ప్రశ్న ఆమెది, జవాబు అతనిది. ఆ తర్వాత అతను ఎగురుదామంటాడు. కాళ్లు నేల విడిచిన కాసేపటికి ఆమె ప్రశ్నలు కూడా నోటిని విడిచి లోపలికి వెళ్లిపోతాయి. లెస్లీ బ్రికస్ రాసిన మాటలు మార్గట్ కిడర్ గొంతులో, మనసులో అనుకుంటున్నట్టుగా వినిపిస్తాయి. నా మనసు నువ్వు చదవగలవా అన్నది వాటి సారాంశం. నిజానికది పాటగా పుట్టింది. దర్శకుడు రిచర్డ్ డోనర్ పాట వద్దనుకుని, మాటల్లా చెప్పించాడు. పాట రూపం 1979లో మౌరీన్ మెక్‌గవర్న్ గొంతులో విడిగా వచ్చింది. అంటే ఒకే రాగానికి మూడు బతుకులు: పాడినది, పలికినది, మాటల్లేనిది.

మాటల్లేని రూపాన్ని మేనల్లుడు ముందు వినిపించాడు. "ఇదే కరెక్టత్తా. ఆ మాటలు ఎంత ఎబ్బెట్టుగా ఉంటాయో! అందరూ వాటిని చూసి నవ్వుతారు" అన్నాడు. విన్నాను. వయొలిన్లన్నీ ఒక్కటై ఆ రాగాన్ని ఎత్తుకున్నప్పుడు, ఒక ఆడదాని కోరిక ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా విచ్చుకున్నట్టనిపించింది. దాంట్లో సిగ్గు లేదు, బెరుకు లేదు. తర్వాత మాటలున్నది విన్నాను. వాడన్నది నిజమే. ఆ మాటల్లో లోయిస్ తనను తాను ఒక దేవుడి పక్కన నిలబడ్డ చిన్నపిల్లలా ఊహించుకుంటుంది. అరగంట క్రితం పెన్సిలు పట్టుకుని అతన్ని నిలదీసిన మనిషి, బడి ఎగ్గొట్టిన పిల్లగా కుదించుకుపోతుంది. రాగం ఇచ్చిన దాన్ని మాటలు లాగేసుకున్నాయి. అక్కడితో ఆగిపోతే ఈ వ్యాసం సులువుగా అయిపోయేది: మగవాళ్లు రాసిన మాటలు తీసేస్తే స్త్రీ స్వేచ్ఛ వినిపిస్తుంది, శుభం.

కానీ ఆ రాత్రి అందరూ పడుకున్నాక సినిమా పెట్టుకుని ఆ ఘట్టం మళ్లీ మళ్లీ చూశాను. కిడర్ గొంతు గాయని గొంతు కాదు. కాస్త బొంగురు, కాస్త తడబాటు. శ్రుతిలో ఒదగని ఆ గొంతు అంత నునుపైన సంగీతం మీద గరుకుగా రాసుకుంటుంది. ఆ గొంతు తీసేస్తే ఏం మిగులుతుంది? అతని చేతుల్లో తేలుతున్న ఒక శరీరం, వెనక అద్భుతమైన వయొలిన్లు. మాటల్లేని రూపం అందంగా ఉన్న మాట నిజం. ఆ అందంలో లోయిస్ లేదు. ఆ రాగం ఎక్కడెక్కడ వస్తుందో వెతికితే ఇంకోటి కూడా తెలిసింది. సినిమా మొదట్లో పేర్లు పడుతున్నప్పుడు వచ్చే ప్రసిద్ధమైన ఆ కవాతు సంగీతానికి మధ్యభాగం ఈ ప్రేమ రాగమే. లోయిస్ తెర మీదికి రాకముందే ఆమె రాగం అతని కవాతు మధ్యలో ఒక విశ్రాంతిలా ఇమిడిపోయి ఉంది. కాబట్టి చేత్త మాటలే అయినా, అరువు గొంతులా ఉన్నా, ఆ ఘట్టంలో ఆమె కోసం ఆమె అనుకున్న నాలుగు ముక్కలు అవే. 'మంచి అభిరుచి' పేరుతో వాటిని తీసేసే ముందు కొంచెం ఆగాలి. మన రచయిత్రుల తొలినాటి కథల్ని కూడా ఇలాగే కదా, భావోద్వేగం ఎక్కువ, శిల్పం తక్కువ అని పక్కన పెట్టారు!

మార్గట్ కిడర్ గురించి ఒక మాట. రెండో సినిమా సగంలో ఉండగా నిర్మాతలు డోనర్‌ని తొలగించి రిచర్డ్ లెస్టర్‌ని తెచ్చారు. దాన్ని బాహాటంగా తప్పుపట్టిన వాళ్లలో కిడర్ ఒకరు. 1983లో వచ్చిన మూడో సినిమాలో లోయిస్ కాసేపు కనిపించి సెలవు మీద వెళ్లిపోతుంది. నోరు విప్పినందుకే అలా జరిగిందని చాలామంది నమ్మారు, నిర్మాతలు కాదన్నారు. కిడర్ 2018లో చనిపోయింది. ఆ గొంతుని ఎబ్బెట్టు అంటున్నప్పుడల్లా నాకిది గుర్తొస్తుంది.

ఇప్పుడు తల్లుల దగ్గరికి వస్తాను. నా స్నేహితురాలి కథల్లో నన్ను వేధిస్తున్నది ఒక తల్లి పాత్రే.

మొదటి సినిమాలో పెంచిన తండ్రి చనిపోయాక, కొడుకు ఇల్లు విడిచి వెళ్తున్నానని తల్లి మార్తా కెంట్‌కి గోధుమ చేలో నిలబడి చెప్తాడు. అక్కడి సంగీతం ఆ సినిమా మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చింది. పల్లెటూరి నెమ్మది రాగం మెల్లగా మొదలై, చేను వెడల్పంతా పరుచుకుంటుంది. తల్లిని వదిలి వెళ్లే క్షణానికి అంత విశాలమైన సంగీతం. బాగుంది. కానీ వదిలి వెళ్లిన తర్వాత ఆ ఇంట్లో ఆమె ఒక్కర్తే పొయ్యి వెలిగించుకునే పూటకి సంగీతం లేదు, ఆ దృశ్యమే లేదు. తల్లులకి మన సినిమాల్లోనైనా సంగీతం ఎప్పుడు ఇస్తారు? కొడుకు వెళ్తున్నప్పుడు, కొడుకు వచ్చినప్పుడు.

కన్నతల్లి లారా సంగతి ఇంకా విచిత్రం. మొదటి సినిమాలో కన్నతండ్రి జోర్-ఎల్‌గా వేసింది మార్లన్ బ్రాండో. చనిపోయినా స్ఫటికాల్లోంచి కొడుక్కి జ్ఞానం బోధించేది అతనే. రెండో సినిమా కోసం కూడా బ్రాండో దృశ్యాలు ముందే తీసి పెట్టుకున్నారు. ఈలోగా లాభాల్లో వాటా గురించి బ్రాండోకీ నిర్మాతలకీ కోర్టు గొడవలయ్యాయి. అతని దృశ్యాలు వాడితే మళ్లీ డబ్బివ్వాలి. అందుకని వాటిని పక్కన పెట్టి, ఆ చోట తల్లి లారా చేత మాట్లాడించారు. లారాగా వేసింది సుజానా యార్క్. కాబట్టి 1980 నాటి సినిమాలో, లోయిస్‌ని ప్రేమించి మామూలు మనిషిగా బతకాలనుకున్న కొడుకు సలహా అడిగేది తల్లినే. ఆ జ్ఞానపీఠం మీద తల్లి కూర్చుని ఉంది. ఎవరో స్త్రీల మీద గౌరవంతో ఇచ్చిన చోటు కాదది. తండ్రి అద్దె మరీ ఎక్కువైతే ఖాళీ అయిన గది.

2006లో ఆ రెండో సినిమాని డోనర్ ఊహించిన తీరుకి దగ్గరగా మళ్లీ కూర్చి విడుదల చేశారు. బ్రాండో తిరిగొచ్చాడు. 1980 సినిమాకి కెన్ థోర్న్ కూర్చిన సంగీతం పోయి, 1978లో రికార్డయిన విలియమ్స్ సంగీతం వచ్చి చేరింది. అభిమానులు దశాబ్దాల పాటు అడిగి సాధించుకున్న విజయం అది. మా మేనల్లుడు దాని గురించి చెప్తుంటే వాడి కళ్లు మెరిశాయి. "అసలు వెర్షన్ అత్తా అది!" అన్నాడు. చూశాను. లారా దృశ్యాలు లేవు. తండ్రి రాగానే తల్లి గది ఖాళీ చేసింది.

"అసలుది అంటే ఎవరి అసలురా?" అన్నాను. వాడికి కోపమొచ్చింది. "దాంట్లో తండ్రీ కొడుకుల కథ పూర్తవుతుంది. పాత దాంట్లో తల్లి సీన్లు అతుకులు. నువ్వు ప్రతిదాంట్లో ఇదే చూస్తావు" అన్నాడు. వాడన్న దాంట్లో మొదటి సగం నేను ఒప్పుకుంటాను. కళగా చూస్తే 2006 నాటి కూర్పే బిగువుగా ఉంది. కొడుకు తండ్రిని ధిక్కరించి శక్తి పోగొట్టుకోవడం, తండ్రి తన్ను తాను అర్పించుకుని దాన్ని తిరిగివ్వడం, మొదటి సినిమాలో వేసిన ముడి ఇక్కడ విడిపోతుంది. లారా దృశ్యాలకి అంత బరువు లేదు, డబ్బు మిగుల్చుకోవడానికి తీసినవని తెలిసిపోతూనే ఉంటుంది. కానీ ఆ బిగువు ఎలా వచ్చింది? జ్ఞానమూ, శాపమూ, త్యాగమూ అన్నీ తండ్రి నుంచి కొడుక్కే పోవాలనుకుంటే తల్లి ఎక్కడున్నా అతుకే అవుతుంది. ఆమె అడ్డొచ్చేలా కథని ముందే కట్టుకుని, తర్వాత ఆమె అతకలేదంటే ఎలా?

నాకిక్కడ భయం పుట్టింది. స్త్రీవాద సాహిత్య చరిత్రలో మనం చేస్తున్నది కూడా పునరుద్ధరణే కదా! 'రాధికా సాంత్వనము' సంగతి మనందరికీ తెలుసు. ముద్దుపళని కావ్యంలోంచి పద్యాలు ఎగిరిపోయిన ప్రతి ఒకటి ప్రచారంలో ఉంటే, బెంగళూరు నాగరత్నమ్మ అసలు ప్రతి వెతికి పట్టుకుని 1910లో పూర్తి కావ్యాన్ని అచ్చు వేయించింది. దానిమీద ఎంత దుమారం, ఎంత నిషేధం! పోయినదాన్ని తిరిగి తేవడమంటే మంచి పనేనని, దాంట్లో ఆలోచించడానికేమీ లేదని నాకు నేర్పింది ఆ ఉదాహరణే. లారా దగ్గరికొచ్చేసరికి అది సరిపోలేదు. ఇక్కడ పోయినదాన్ని తిరిగి తేవడం వల్లే ఒకామె పోయింది. నాగరత్నమ్మ చేసిన పనికీ దీనికీ తేడా 'అసలు'లో లేదు. ఎవరు కొట్టేశారు, ఎవరి కోసం, తిరిగి పెడితే ఎవరు లేచి వెళ్లాలి అన్న వాటిలో ఉంది.

కొట్టేసిన చేయి ఎవరిదో కనుక్కోవాలన్న ఆత్రంలో ఒక గొయ్యి కూడా ఉంది. దాంట్లో నేను పడబోయాను.

1989 నాటి 'బ్యాట్‌మ్యాన్'కి సంగీతం డానీ ఎల్ఫ్‌మన్. ఒకపక్క ప్రిన్స్ పాటలతో ఒక ఆల్బం, ఇంకోపక్క రెండు నెలల తర్వాత ఎల్ఫ్‌మన్ నేపథ్య సంగీతంతో మరో ఆల్బం. ఆ సంగీతం పూర్తిగా, మరో రూపాలతో సహా, 2010లో బయటికొచ్చింది. లండన్‌లో ఆ ఆర్కెస్ట్రా ముందు నిలబడి కండక్ట్ చేసింది షిర్లీ వాకర్ అనే స్త్రీ. కొన్ని బిట్లకి వాద్యాల అమరికలోనూ ఆమె చేయి ఉంది. ఆమె పేరు వినగానే నేను నిటారుగా కూర్చున్నాను. ఎల్ఫ్‌మన్ రాక్ బ్యాండ్ నుంచి వచ్చినవాడు, సంగీత కళాశాల మెట్లెక్కినవాడు కాదు. వాకర్ చిన్నవయసులోనే శాన్‌ఫ్రాన్సిస్కో సింఫనీతో పియానో వాయించిన మనిషి. ఎల్ఫ్‌మన్ సంగీతం వేరేవాళ్లు రాసిపెట్టారని అప్పట్లో గుసగుసలు ఉండేవి, అతను వాటిని గట్టిగా ఖండించాడు. నాకు మాత్రం ఆ గుసగుసల్ని నమ్మాలని ఎంత కోరికగా ఉండిందో! దాచేసిన స్త్రీ దొరికిందన్న ఉత్సాహంతో ఒక పేరా కూడా రాసేశాను. తర్వాత అతని మిగతా సినిమాలు, వాకర్ లేనివి, వరసపెట్టి విన్నాను. ఆ గొంతు అతనిదే. ఆ గుసగుసల్లో ఉన్నది స్త్రీ మీద ప్రేమ కాదు, చదువులేనివాడి మీద చిన్నచూపు. ఆ పేరా నేనే కొట్టేశాను. నా చేతులతోనే, నీలం ఇంకుతో.

వాకర్ గొప్పతనానికి దొంగ సాక్ష్యాలు అక్కర్లేదు. 1992లో జాన్ కార్పెంటర్ తీసిన 'మెమొయిర్స్ ఆఫ్ యాన్ ఇన్విజిబుల్ మ్యాన్'కి ఆమె ఒక్కతే సంగీత దర్శకురాలు. పెద్ద హాలీవుడ్ స్టూడియో సినిమాకి అలా ఒంటరిగా పేరు పడ్డ తొలి స్త్రీలలో ఆమె ఒకరు. అదీ కనిపించని మగవాడి కథకి! అదే సంవత్సరం మొదలైన బ్యాట్‌మ్యాన్ యానిమేషన్ సీరియల్‌లో ఎపిసోడ్ ఎపిసోడ్‌కీ నిజమైన ఆర్కెస్ట్రాతో కొత్త సంగీతం చేయించింది. లొలీటా రిట్మానిస్ లాంటి కొత్తవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది.

1993లో వచ్చిన 'బ్యాట్‌మ్యాన్: మాస్క్ ఆఫ్ ది ఫాంటాజమ్' సంగీతం ఆమెదే. ఆ కథని మన పాఠకులు చూడాలి. ముసుగు వేసుకుని ఒక్కొక్క నేరగాణ్ణీ చంపుతున్న ఆ 'ఫాంటాజమ్' ఎవరో కాదు, బ్రూస్ వేన్ ఒకప్పుడు ప్రేమించిన ఆండ్రియా. తండ్రిని చంపినవాళ్ల మీద పగ తీర్చుకుంటోంది. గతంలోకి వెళ్లినప్పుడు ఆమె మొదట కనిపించేది స్మశానంలో, చనిపోయిన తల్లితో మాట్లాడుతూ. ముసుగులో మాత్రం ఆమెది మగ గొంతు. ఆమె తండ్రి పాత్రకి గొంతిచ్చిన స్టేసీ కీచే ఆ ముసుగుకీ గొంతిచ్చాడు. పగ తీర్చుకోవాలంటే ఆడపిల్లకి తండ్రి గొంతు అరువు కావాలన్నమాట. కానీ సంగీతం ఆ మోసానికి పూర్తిగా ఒప్పుకోదు. మొదటి టైటిల్స్ మీద పెద్ద బృందగానం వస్తుంది, ఏదో లాటిన్ ప్రార్థనలా గంభీరంగా. అది లాటిన్ కాదు. స్టూడియోలో పనిచేసేవాళ్ల పేర్లని తలకిందులుగా చదివించానని వాకర్ తర్వాత ఇంటర్వ్యూలో చెప్పింది. నాకు దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఎవరి పేరు ఎక్కడ పడాలో తేల్చే లోకంలో, ఆమె పేర్లని వెనక్కి తిప్పి దేవుడి భాషలా పాడించింది. ఎవరికీ తెలియలేదు.

వాకర్ 2006 నవంబరులో చనిపోయింది. ఆ తర్వాత వచ్చిన ఆస్కార్ వేడుకలో, ఆ ఏడాది పోయినవాళ్లని తలుచుకునే వరసలో ఆమె లేదు. సంగీతకారుల సంఘం అస్కాప్ 2014లో ఆమె పేరు మీద ఒక పురస్కారం పెట్టింది. మార్వెల్ సినిమాలకి మొదటిసారి ఒక స్త్రీ, పినార్ టోప్రాక్, పూర్తి సంగీతం చేసింది 2019 నాటి 'కెప్టెన్ మార్వెల్'కి. మధ్యలో ఎన్నేళ్లో లెక్కేసుకోండి.

'సూపర్‌మ్యాన్' దగ్గరికే తిరిగి వస్తే, విలియమ్స్ ఆ సంగీతానికి వాద్యాల అమరికలో సాయపడ్డవాళ్లలో ఏంజెలా మార్లే ఒకరు. 1972లో తన స్త్రీ అస్తిత్వాన్ని లోకానికి ప్రకటించి, ఆ పేరుతో బతికిన ట్రాన్స్ మహిళ. అంతకుముందే బ్రిటన్‌లో పేరున్న సంగీతకారిణి, తర్వాత రెండుసార్లు ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. 'సూపర్‌మ్యాన్' టైటిల్స్‌లో ఆమె పేరు లేదు. నేను అన్ని రాత్రులు విన్న వయొలిన్లలో ఏ అమరిక ఆమెదో నా చెవి చెప్పలేదు. చెప్తుందని నటించను.

ఇక నా టేబుల్ మీది కాగితాలు. నా స్నేహితురాలి కథ ఒకటుంది. అత్తింటి నుంచి దెబ్బలు తిని వచ్చిన కూతుర్ని తల్లి రాత్రంతా ఒళ్లో పడుకోబెట్టుకుంటుంది, తెల్లారేసరికి కూతురు చెప్పకుండా తిరుగు బస్సు ఎక్కుతుంది. అచ్చయిన కథ అంతే. దాని నిశ్శబ్దం గురించి ఆ రోజుల్లో చాలామంది మెచ్చుకున్నారు, నేనూ సమీక్ష రాశాను. చిత్తుప్రతిలో ఆ రాత్రికి ఇంకో రెండు పేజీలున్నాయి. తల్లి మాట్లాడుతుంది. ఈ ఇల్లు మీ నాన్నది కాదు, నా పసుపు కుంకుమ పొలం అమ్మి కట్టింది, నువ్వెక్కడికీ పోనక్కర్లేదు అంటుంది. రాత బాగాలేదు. ఆమె మిగతా కథల పక్కన పెడితే ఉపన్యాసంలా ఉంది. ఆ రెండు పేజీల మీదా మూల నుంచి మూలకి ఎర్ర ఇంకుతో గీత ఉంది.

ఆమె ఎప్పుడూ నీలం ఇంకుతో రాసేది. ఆమె మొదటి పాఠకుడు భర్త, ఆయన స్కూలు టీచరు. ఎర్ర పెన్ను చొక్కా జేబులో ఉండేది. నాకు వెంటనే అర్థమైపోయిందనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, ఆమె కూడా టీచరే. సాయంత్రాలు పేపర్లు దిద్దుతూ, మధ్యలో కథ తీసి చదువుకునే అలవాటు ఆమెకి ఉండేది. ఎర్ర పెన్ను ఇద్దరి చేతుల్లోనూ ఉంది. గీతకి దస్తూరీ ఉండదు. ఆమే కొట్టేసుకుని ఉంటే, నేను వాటిని అచ్చు వేయడం ఆమె తీర్పు మీద నా తీర్పు రుద్దడమే. వేరే చేయి కొట్టి ఉంటే, వాటిని వదిలేయడం ఆ చేతికి రెండోసారి సాయపడటం. నాకే జవాబు కావాలో నాకు బాగా తెలుసు. వాకర్ విషయంలో కూడా తెలుసు.

ఆమె కొడుకుని ఫోన్‌లో అడిగాను. "అమ్మ కథలు నాన్నే ముందు చదివేవారండీ ఆంటీ, కానీ దిద్దేవారో లేదో నాకు తెలీదు, నేను హాస్టల్లో ఉండేవాణ్ణి" అన్నాడు. ఆయన పోయి ఐదేళ్లయింది.

రెండో పేజీ చివర, మార్జిన్‌లో అదే ఎర్ర ఇంకుతో ఒకే ఒక్క మాట ఉంది: 'అనవసరం'. ఆమె చెల్లెలు మొన్న పాత ఉత్తరాలు, ఇంటి లెక్కల పుస్తకాలు ఒక సంచీలో పెట్టి పంపింది, ఇద్దరి రాతలూ ఉన్నాయి వాటిలో. 'న' పొట్టలో ఆమె చుక్కలా చిన్న మెలిక తిప్పుతుంది. ఆయన తిప్పడు. నిన్నటి నుంచి భూతద్దం పెట్టుకుని కూర్చున్నాను. 1994 దాకా వచ్చాను.